అమెరికా కాలేజీ టెన్నిస్: ఫుల్ స్కాలర్‌షిప్ అంటే అంతా ఫ్రీయేనా?

మీ అమ్మాయి పదో తరగతి, టెన్నిస్ బాగా ఆడుతుంది, అమెరికాలో స్కాలర్‌షిప్ వస్తే ఖర్చంతా కాలేజీదేనా, చదువు అటకెక్కుతుందా అని అడిగారు. 2015 నుంచి 2019 దాకా అక్కడ ఒక మామూలు డివిజన్ వన్ (కాలేజీ ఆటల్లో పై స్థాయి) యూనివర్సిటీ టీమ్‌లో ఆడాను. నాకు తెలిసింది చెప్తాను.

మా రోజుల్లో అమ్మాయిల టెన్నిస్ టీమ్‌కి 8 స్కాలర్‌షిప్‌లు. ఒకరికి సగమే ఇచ్చినా లెక్కలో ఒకటి పోయినట్టే, అందుకని ఇస్తే దాదాపు పూర్తిగానే ఇచ్చేవాళ్లు. అబ్బాయిలకి 4.5 మాత్రమే, వాటినే ముక్కలు చేసి పంచేవాళ్లు. 2025లో హౌస్ సెటిల్‌మెంట్‌తో, అంటే కాలేజీ ఆటగాళ్లు వేసిన కోర్టు కేసులో కుదిరిన రాజీతో, ఇది మారింది. అందులో చేరిన కాలేజీల్లో స్కాలర్‌షిప్‌లకి పరిమితి లేదు, టీమ్‌లో మాత్రం 10 మందికి మించకూడదు. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ అదే సెటిల్‌మెంట్ కింద కాలేజీలు ఆటగాళ్లకి ఏడాదికి సుమారు 2 కోట్ల డాలర్ల దాకా నేరుగా పంచొచ్చు. ఆ డబ్బు ఎక్కువగా అమెరికన్ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్‌కే పోతుంది. మా మ్యాచ్‌లకి టికెట్టే ఉండేది కాదు, ఇక టెన్నిస్‌కి ఆదాయమెక్కడిది? కాబట్టి కోచ్ ఫోన్‌లో చెప్పిన మాట కాకుండా, ఎంత, ఎన్నేళ్లకి అన్నది కాగితం మీద చూడండి. వీసా, విమానం టికెట్లు, వేసవి సెలవుల ఖర్చు మాత్రం మా నాన్నే పెట్టుకున్నారు.

స్టాఫ్ గురించి ఎవరూ అడగరు. నా రెండో ఏడాది సీజన్ మొదట్లోనే అసిస్టెంట్ కోచ్ వెళ్లిపోయాడు. మే దాకా ఆ పోస్టు ఖాళీ. వ్యాన్ నడపడం, రాకెట్లకి తీగలు బిగించడం, హోటల్ బుకింగ్, అన్నీ హెడ్ కోచే. ఆరు సింగిల్స్ ఆరు కోర్టుల్లో ఒకేసారి నడుస్తుంటే ఆవిడ ఎక్కడని నిలబడుతుంది? టీమ్ వరసలో నేను అయిదో నంబర్. మూడో సెట్‌లో 4-4 అయితే తప్ప నా కోర్టు వైపు వచ్చేది కాదు.

చదువు దగ్గర అసలు చిక్కుంది. సీజన్‌లో వారానికి 20 గంటలే ఆట అని రూలు. కానీ మ్యాచ్ ఎంతసేపు సాగినా లెక్కలో 3 గంటలే, ప్రయాణం లెక్కలోకే రాదు. ఒకసారి స్టాటిస్టిక్స్ పరీక్ష హోటల్ లాబీలో రాశాను. కోచ్ ఎదురుగా ఇన్విజిలేటర్‌లా కూర్చుంది, పక్కన వాఫిల్ మెషిన్ కుయ్యిమంటూనే ఉంది. బి వచ్చింది, సంతోషమే. కెమిస్ట్రీ ల్యాబ్ మధ్యాహ్నం 2కి, ప్రాక్టీసూ 2కే. బయాలజీ అనుకుని వెళ్లినదాన్ని, వేరే మేజర్‌తో (ప్రధాన సబ్జెక్టుతో) బయటికొచ్చాను. ఇప్పటికీ కొంచెం కడుపుమంట.

అలాగని వద్దనను. భారత్ తరఫున ఆడుతున్న మన సహజ యమలపల్లి కూడా టెక్సస్‌లో శామ్ హ్యూస్టన్ స్టేట్ కాలేజీ టీమ్‌లో ఆడిన అమ్మాయే.

కోచ్‌తో మాట్లాడాక, ఆ టీమ్‌లో మూడో ఏడాదిలో ఉన్న అమ్మాయితో మాట్లాడించమనండి. ఏ మేజర్ అనుకుని వచ్చింది, ఇప్పుడు ఏది చదువుతోంది అని అడగండి.