అమెరికాలో మా స్కూల్ డిస్ట్రిక్టు సూపరింటెండెంట్‌ని తీసేయమని పిటిషన్ తిరుగుతోంది, హెచ్1 వీసా మీద ఉన్న మేం సంతకం పెట్టొచ్చా?

పెట్టొచ్చు. ఆన్‌లైన్ పిటిషన్ మీద సంతకం పెట్టకూడదన్న వీసా నియమమేదీ లేదు. కాకపోతే ఆ సంతకానికి చట్టం దృష్టిలో విలువ కూడా లేదు. సూపరింటెండెంట్‌ని తీసే అధికారం స్కూల్ బోర్డుది. టెక్సస్‌లో ఆ బోర్డు ట్రస్టీలని (సభ్యుల్ని) పదవీకాలం మధ్యలో రీకాల్ చేసే, అంటే ఓటుతో దించే వీలే లేదు. కాలిఫోర్నియాలో ఉంది. 2022 ఫిబ్రవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో ఓటర్లు ముగ్గురు బోర్డు సభ్యుల్ని అలాగే ఇంటికి పంపారు. అయితే అక్కడ లెక్కలోకి వచ్చినవి ఎన్నికల ఆఫీసు సరిచూసిన ఓటర్ల సంతకాలు, వాట్సాప్ గ్రూపులో వచ్చిన లింకు నొక్కి పెట్టినవి కావు.

కొత్తగా వచ్చినవాళ్ళు తికమకపడేది అసలు ఈ సూపరింటెండెంట్ ఎవరన్న దగ్గరే. మన దగ్గర డీఈవో ప్రభుత్వోద్యోగి, బదిలీ మీద వస్తాడు, బదిలీ మీద పోతాడు. నచ్చకపోతే ఎమ్మెల్యేని పట్టుకోవడమో, తెలంగాణలో అయితే సోమవారం కలెక్టరేట్‌కి వెళ్ళి ప్రజావాణిలో అర్జీ ఇవ్వడమో అందరికీ తెలిసిన దారి. ఇక్కడ డిస్ట్రిక్టు స్కూళ్ళన్నిటినీ నడిపే సూపరింటెండెంట్‌ని కాంట్రాక్టు మీద పెట్టుకునేదీ, మార్కులు వేసేదీ, జీతం పెంచేదీ, సాగనంపేదీ స్కూల్ బోర్డే. బోర్డులో ఎక్కువ చోట్ల ఐదుగురో, ఏడుగురో, తొమ్మండుగురో ఉంటారు. మేయర్‌కి గానీ, స్టేట్ రెప్రజెంటేటివ్‌కి గానీ ఉత్తరం రాస్తే మర్యాదగా జవాబొస్తుంది, పని మాత్రం ఎక్కువ చోట్ల జరగదు. ఫ్లోరిడా, అలబామాల్లో కొన్ని డిస్ట్రిక్టులు వేరు, అక్కడ సూపరింటెండెంట్‌ని ఓటర్లే నేరుగా ఎన్నుకుంటారు. జార్జియాలో గందరగోళం ఇంకో రకం. రాష్ట్ర సూపరింటెండెంట్‌ది ఎన్నికల పదవి, కౌంటీ సూపరింటెండెంట్‌ని మాత్రం బోర్డు నియమిస్తుంది. ఇద్దరూ ఒకటే అనుకుని తప్పు ఆఫీసుకి మెయిళ్ళు పెట్టేవాళ్ళు తక్కువేం కాదు.

హ్యూస్టన్ ఐఎస్‌డీ (ఇండిపెండెంట్ స్కూల్ డిస్ట్రిక్టు) సంగతి మరీ వేరు. 2023 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఆ డిస్ట్రిక్టుని చేతిలోకి తీసుకుంది. ఎన్నికైన ట్రస్టీలని పక్కన పెట్టి తొమ్మండుగురు మేనేజర్ల బోర్డుని, సూపరింటెండెంట్‌గా మైక్ మైల్స్‌ని పెట్టింది. చాలా స్కూళ్ళలో లైబ్రరీలు మూతపడటం, పాఠం చెప్పే పద్ధతి మొత్తం మారిపోవడం మీద తల్లిదండ్రులు ఎంత మొత్తుకున్నా, ఆ బోర్డుని ఓటుతో దించే అవకాశం లేదు. అందుకే కోపమంతా 2024 నవంబరులో డిస్ట్రిక్టు ఓటర్లని అడిగిన 440 కోట్ల డాలర్ల బాండు అప్పు మీద తీర్చుకుని ఓడించారు. మీ అడ్రసులో హ్యూస్టన్ అని ఉందని మీది హ్యూస్టన్ ఐఎస్‌డీయే అనుకోకండి. హ్యూస్టన్ అడ్రసు ఉన్న ఇళ్ళలో ఎన్నో కేటీ, సై-ఫెయిర్ లాంటి వేరే డిస్ట్రిక్టుల్లో ఉన్నాయి. సొంతిల్లయితే ప్రాపర్టీ టాక్స్ బిల్లులో ఏ ఐఎస్‌డీకి పన్ను కడుతున్నారో రాసి ఉంటుంది. అద్దె ఇల్లయితే డిస్ట్రిక్టు వెబ్‌సైటులో అడ్రసు కొట్టి చూసుకోండి.

ఇక అసలు విషయం. సూపరింటెండెంట్ ఉండాలా పోవాలా అన్నది తేలేది గోల గట్టిగా జరిగిన రోజున కాదు, కాంట్రాక్టు పొడిగింపు బోర్డు ముందుకొచ్చిన రోజున. టెక్సస్‌లో కాంట్రాక్టు గరిష్ఠంగా ఐదేళ్ళు, కాలిఫోర్నియాలో నాలుగు, జార్జియాలో మూడు, న్యూజెర్సీలో కనీసం మూడు, గరిష్ఠంగా ఐదు. చాలా బోర్డులు ఏటా ఎవాల్యుయేషన్ (పనితీరుకి మార్కులు వేయడం) అవగానే ఇంకో ఏడాది కలుపుతాయి. దాంతో ఎప్పుడు చూసినా రెండు మూడేళ్ళు మిగిలే ఉంటుంది. ఆ తర్వాత 'తీసేయండి' అని అడిగితే బోర్డు లాయరు ముందు చెప్పే మాట, మిగిలిన కాలానికి డబ్బు కట్టాలని. టెక్సస్‌లో ఏడాది జీతభత్యాలకి మించి సెటిల్‌మెంట్ ఇస్తే, మించినంతా డిస్ట్రిక్టుకి వచ్చే రాష్ట్ర నిధుల్లో కోత పడుతుంది. కాలిఫోర్నియాలో 2016 నుంచి రాసుకున్న కాంట్రాక్టులకి పరిమితి 12 నెలల జీతం. వర్జీనియాలో మనవాళ్ళు బోలెడంతమంది ఉన్న లౌడన్ కౌంటీలో, 2022 డిసెంబరులో స్పెషల్ గ్రాండ్ జ్యూరీ (నేరాల విచారణకి కూర్చోబెట్టిన పౌరుల బృందం) రిపోర్టు బయటికొచ్చిన మర్నాడే బోర్డు ఏకగ్రీవంగా సూపరింటెండెంట్‌ని తీసేసింది. కానీ తీసేసింది 'వితౌట్ కాజ్' కింద, అంటే తప్పు రుజువు చేసే బాధ్యత నెత్తిన పెట్టుకోకుండా. అలా తీస్తే కాంట్రాక్టులో రాసుకున్న డబ్బు చేతిలో పెట్టాల్సిందే. 'ఫర్ కాజ్' కింద, అంటే తప్పు చూపించి తీస్తే డబ్బు మిగులుతుంది, బదులుగా విచారణలు, కోర్టులు మొదలవుతాయి. బోర్డులు మొదటి దారికే మొగ్గుతాయి, అందులో వింతేమీ లేదు.

కాబట్టి మీకు కావలసింది ఎవాల్యుయేషన్ తేదీ. టెక్సస్‌లో చాలా డిస్ట్రిక్టుల్లో అది జనవరి, ఫిబ్రవరిల్లో పడుతుంది. న్యూజెర్సీలో జులై 1 లోపు ముగించాలి. టెక్సస్‌లో మీటింగ్ అజెండాలో క్లోజ్డ్ సెషన్ కింద 551.074 (సిబ్బంది విషయాల సెక్షన్) అన్న నంబరు, పక్కన సూపరింటెండెంట్ ఎవాల్యుయేషన్ అనో కాంట్రాక్టు అనో కనిపిస్తే అదే ఆ రోజు. చర్చ తలుపులేసుకుని జరుగుతుంది, ఓటింగ్ మాత్రం బయటికొచ్చి అందరి ముందూ చేయాలి. ఒక్కోసారి రాత్రి పదింటి దాకా సాగుతుంది, అప్పటికి హాల్లో ఎవరూ మిగలరు. మరి ముందే చెప్పాలంటే? ఎవాల్యుయేషన్‌కి రెండు నెలల ముందు, బోర్డు ఈ ఏడాది పెట్టుకున్న లక్ష్యాలేమిటో చదివి, వాటి మీద రాయండి. లక్ష్యాల్లో లేని విషయం మీద వంద మెయిళ్ళు వచ్చినా మార్కుల కాగితంలో దానికి గడి ఉండదు.

డిస్ట్రిక్టు పాలసీ మాన్యువల్ కూడా ఒకసారి తెరవండి. టెక్సస్‌లో బీజేసీడీ అన్న కోడ్ కింద సూపరింటెండెంట్ ఎవాల్యుయేషన్, బీఈడీ కింద బోర్డు మీటింగులో జనం మాట్లాడే పద్ధతి, ఎఫ్ఎన్‌జీ కింద తల్లిదండ్రుల ఫిర్యాదుల మెట్లు ఉంటాయి. పిల్లాడి టీచరుతోనో, బస్సుతోనో, జీటీ (చురుకైన పిల్లల ప్రత్యేక క్లాసుల) టెస్టుతోనో వచ్చిన పేచీకి ఎఫ్ఎన్‌జీ దారి పట్టాలి, టీచరు, ప్రిన్సిపాలు, ఆ పైన డిస్ట్రిక్టు ఆఫీసు అన్న వరసలో. అది ఎగ్గొట్టి నేరుగా బోర్డు మైకు ముందుకెళ్తే ప్రెసిడెంటు మధ్యలోనే ఆపేస్తారు. ఫిర్యాదుకి గడువు కూడా ఉంటుంది, దాటితే వినరు.

పనితీరు తేల్చడానికి మనవాళ్ళు మొదట చూసేది రాష్ట్ర పరీక్షల సగటు, టెక్సస్‌లో అయితే స్టార్ పరీక్షది. నిజం చెప్పాలంటే టెక్సస్‌లోని ఫ్రిస్కోలోనో, జార్జియాలోని కమింగ్‌లోనో ఆ సగటులో సగం సాయంత్రం లెక్కల ట్యూషన్లదీ, అమ్మానాన్నలదీ. సూపరింటెండెంట్‌కి దక్కాల్సిన మెప్పు గానీ, పడాల్సిన తిట్టు గానీ వేరే గడుల్లో ఉంటుంది. టెక్సస్‌లో ప్రతి డిస్ట్రిక్టుకీ టీఏపీఆర్ అనే వార్షిక నివేదిక వస్తుంది. అందులో మూడు చూడండి: పేద కుటుంబాల పిల్లల ఫలితాలు, ఒక ఏడాది నుంచి మరో ఏడాదికి పిల్లల ఎదుగుదల, టీచర్లు ఎంత శాతం మానేసి పోతున్నారన్నది. అదే అంకెల్ని పక్క డిస్ట్రిక్టుతో కాకుండా అలాంటి పిల్లలే ఉన్న డిస్ట్రిక్టుతో పోల్చండి. ఇలాంటి నివేదికలే కాలిఫోర్నియాలో స్కూల్ డాష్‌బోర్డు, జార్జియాలో సీసీఆర్‌పీఐ అన్న పేర్లతో ఉన్నాయి. ఒక్క ఏడాది అంకెతో ఎగిరిపడొద్దు. పరీక్ష కష్టం మారినా, రాష్ట్రం డిస్ట్రిక్టుకిచ్చే గ్రేడు లెక్కగట్టే సూత్రం మారినా ఏ గ్రేడు కాస్తా బీ అవుతుంది, క్లాసులో ఏమీ మారకుండానే.

డబ్బు విషయంలో జరిగే పొరపాటు ఇంకా పెద్దది. 'టీచర్లకి జీతాలు పెంచడానికి లేవు గానీ స్టేడియానికి ఉన్నాయా' అన్న మాట ప్రతి డిస్ట్రిక్టులోనూ వింటాం. టెక్సస్‌లో స్కూల్ పన్ను రెండు ముక్కలు. ఒకటి ఎం అండ్ ఓ, జీతాలూ కరెంటూ బస్సులూ దాంట్లోంచి. రెండోది ఐ అండ్ ఎస్, ఓటర్లు ఒప్పుకున్న బాండ్ల అప్పు తీర్చడానికి. రెండో దాంట్లోంచి ఒక్క డాలరు కూడా టీచరు జీతానికి మళ్ళించడానికి చట్టం ఒప్పుకోదు. ఆలెన్ ఐఎస్‌డీ ఆరు కోట్ల డాలర్లతో కట్టి 2012లో తెరిచిన స్టేడియం కూడా బాండు డబ్బే. 2014లో కాంక్రీటులో పగుళ్ళొచ్చి మూతపడి, 2015లో మళ్ళీ తెరుచుకుంది. అలాంటప్పుడు అడగాల్సింది 'జీతాలెందుకు పెంచలేదు' అని కాదు, కట్టుబడి మీద నిఘా ఎవరిదని, బాండు లెక్కలు చూసే కమిటీ ఉందా అని. అలాగే పిల్లలు తగ్గి స్కూళ్ళు మూతపడటం. ప్లేనో ఐఎస్‌డీ 2024లో నాలుగు స్కూళ్ళు మూయడానికి ఓటేసింది. మూత సిఫారసు సూపరింటెండెంట్‌ది, నిర్ణయం బోర్డుది, ఇళ్ళలో పిల్లలు తగ్గడం ఇద్దరి చేతుల్లోనూ లేదు. వాదించదగ్గది ఎంపిక చేసిన స్కూళ్ళు ఇవే ఎందుకన్న దాని మీద. సీట్లెన్ని, నిండినవెన్ని, బస్సు దూరం ఎంత పెరుగుతుంది, ఈ లెక్కలు అడిగితే ఇవ్వాల్సిందే.

మైకు ముందు మాట్లాడటానికి సిటిజెన్ కానక్కర్లేదు. హెచ్1, హెచ్4 వాళ్ళు నిక్షేపంగా మాట్లాడొచ్చు. కొన్ని బోర్డులు డిస్ట్రిక్టులో నివాసం అడుగుతాయి, అంతే. సాధారణంగా మూడు నిమిషాలిస్తారు. అంటే తొందరపడకుండా చదివితే 350 పదాలు. పేర్లు ఎక్కువొస్తే ఒక్క నిమిషానికి కుదిస్తారు, కనుక 120 పదాల కాగితం ఒకటి జేబులో వేరే ఉండాలి. పేరు నమోదు చాలా చోట్ల మీటింగుకి ముందే మూసేస్తారు, అజెండా కింద సన్నక్షరాల్లో ఉంటుంది. ఇంగ్లీషు రాని అమ్మమ్మో తాతయ్యో మనవడి స్కూలు గురించి తెలుగులో చెప్తానంటే, అనువాదం చేసేవాళ్ళతో మాట్లాడినప్పుడు టెక్సస్‌లోనూ కాలిఫోర్నియాలోనూ కనీసం రెట్టింపు సమయం ఇవ్వాలని చట్టంలోనే ఉంది. ముందే చెప్పి పెట్టుకోండి.

మాట్లాడుతుంటే బోర్డు సభ్యులు గుడ్లప్పగించి చూస్తారు తప్ప జవాబివ్వరు. లెక్కచేయడం లేదని నొచ్చుకోకండి. అజెండాలో లేని విషయం మీద చర్చించకూడదన్న నియమం వాళ్ళ నోరు కట్టేస్తుంది. ఏడుగురికీ కలిపి మెయిల్ రాస్తే కూడా 'రిప్లై ఆల్' రాదు, వాళ్ళలో వాళ్ళు అలా మాట్లాడుకుంటే ఓపెన్ మీటింగ్స్ చట్టం ఉల్లంఘనే. విడివిడిగా ఒకరిద్దరితో ఫోన్‌లో పావుగంట మాట్లాడటం మేలు. మీ మెయిలు పబ్లిక్ రికార్డు అవుతుంది కాబట్టి అందులో పిల్లల పేర్లు, జబ్బులు, మార్కులు రాయకండి. ఎదురింటివాళ్ళ పిల్లల పేర్లు అసలే వద్దు.

టైమర్ మోగాక ఆపేయాలి. మైకు కట్ చేశాక అరవడం, స్టేజీ దగ్గరికి వెళ్ళడం సిటిజెన్‌కి ఒక రాత్రి తలనొప్పి. మనకి అలా కాదు. అరెస్టయితే, కేసు తర్వాత కొట్టేసినా, గ్రీన్‌కార్డు ఫారంలోనూ, సిటిజెన్‌షిప్ ఫారంలోనూ 'ఎప్పుడైనా అరెస్టయ్యారా' అన్న ప్రశ్నకి అవునని రాయాల్సి వస్తుంది. వీసా స్టాంపింగ్‌కి వెళ్ళినప్పుడు కూడా అడుగుతారు.

బోర్డు ఎన్నికల్లో ఇంకో రెండు గీతలు దాటకూడదు. ఒకటి, గ్రీన్‌కార్డు కూడా లేనివాళ్ళు ఏ అభ్యర్థికీ చందా ఇవ్వకూడదు. స్కూల్ బోర్డు కదా, ఇరవై డాలర్లే కదా అనుకోవద్దు, ఫెడరల్ చట్టం స్థానిక ఎన్నికలకీ వర్తిస్తుంది. జీతం తీసుకోకుండా ఇంటింటికీ తిరిగి పాంప్లెట్లు పంచొచ్చు. రెండు, డ్రైవింగ్ లైసెన్సు దగ్గర ఓటరుగా నమోదు చేయమంటారా అని అడిగితే హెచ్1 వాళ్ళూ గ్రీన్‌కార్డు వాళ్ళూ వద్దనే చెప్పాలి. పొరపాటున నమోదై ఓటేస్తే దేశం వదలాల్సిన పరిస్థితి రావచ్చు. శాన్‌ఫ్రాన్సిస్కోలో సిటిజెన్ కాని తల్లిదండ్రులకి స్కూల్ బోర్డు ఓటు ఉంది, కానీ అది అక్కడికే, లాయరుని అడక్కుండా వాడుకోకండి. సిటిజెన్‌షిప్ వచ్చినవాళ్ళు టెక్సస్‌లో ఎన్నికకి 30 రోజుల ముందే నమోదవ్వాలి. మే నెలలో జరిగే బోర్డు ఎన్నికలకి వచ్చే ఓటర్లు ఎంత తక్కువంటే, రెండు మూడు సబ్‌డివిజన్ల (ఇళ్ళ కాలనీల) మనవాళ్ళు కదిలితే ఫలితం తారుమారయ్యే చోట్లున్నాయి.

డిస్ట్రిక్టుని కాగితాలు అడగడం చాలా రాష్ట్రాల్లో ఎవరైనా చేయొచ్చు. 'సూపరింటెండెంట్‌కి సంబంధించిన అన్నీ' అని రాస్తే వందల డాలర్ల అంచనా పంపిస్తారు. 'ప్రస్తుత కాంట్రాక్టు, దాని సవరణలన్నీ' అని ఒక్క వాక్యం చాలు. కొన్ని చోట్ల అడక్కుండానే వెబ్‌సైటులో ఉంటుంది. జవాబుకి గడువు టెక్సస్‌లో పది పనిదినాలు, న్యూజెర్సీలో ఏడు, జార్జియాలో మూడు. టెక్సస్‌లో ఖర్చు 40 డాలర్లు దాటేట్టుంటే ముందే వివరంగా చెప్పాలి. ఎవాల్యుయేషన్ కాగితం మాత్రం టెక్సస్‌లో రహస్యం, అడిగి ప్రయోజనం లేదు. కాంట్రాక్టు వచ్చాక ముగింపు తేదీ, టెర్మినేషన్ క్లాజు, బోనస్ దేని మీద ఇస్తారన్నది, ఈ మూడూ చదివితే గ్రూపులో తిరిగే సగం మెసేజీలకి జవాబు దొరుకుతుంది.

ఒకవేళ ఇప్పుడున్న సూపరింటెండెంట్ వెళ్ళిపోయి కొత్తవాళ్ళ కోసం వెతుకుతుంటే, అదే మీ మాటకి విలువ ఎక్కువున్న సమయం. బోర్డు తరఫున అభ్యర్థుల్ని వెతికే సెర్చ్ సంస్థ సర్వే పెడుతుంది, మనవాళ్ళు పట్టించుకోరు. టెక్సస్‌లో ఫైనలిస్టు పేరు బయటపెట్టాక 21 రోజులు ఆగితే గానీ బోర్డు ఓటేయడానికి లేదు. చాలాసార్లు పేరు ఒక్కటే ఉంటుంది. జార్జియాలో ఆ గడువు 14 రోజులు. ఆ రోజుల్లో అభ్యర్థి ఇదివరకు పనిచేసిన డిస్ట్రిక్టు బోర్డు మీటింగ్ వీడియోలు వెతికి చూడండి, అక్కడ స్కూళ్ళ మూతలో, బడ్జెట్ కోతలో వచ్చిన నెలవి. కాంట్రాక్టు ముసాయిదా ఓటింగుకి ముందే అజెండాతోపాటు పెడతారా అని బోర్డు ప్రెసిడెంటుకి ఇప్పుడే రాయండి. సంతకాలయ్యాక అడిగితే చదువుకోవడానికి కాపీ మాత్రమే ఇస్తారు.