లాగ్ పంపే ముందు మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

మన హ్యామ్‌లు, అంటే సరదాగా రేడియోలో మాట్లాడుకునే లైసెన్సుదారులు, ఆ సంభాషణలను ఆన్‌లైన్‌లో ధ్రువపరచుకునే లాగ్‌బుక్ ఆఫ్ ది వరల్డ్‌లో నువ్వు చేరుతున్నావనీ, నోటుపుస్తకంలో ఉన్న పాత కాంటాక్టులన్నీ ఒక్క రాత్రిలో ఎక్కించేస్తానంటున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. మొదటి మాట విని గర్వపడ్డాను. రెండో మాటకు గుండె గుభేలుమంది.

లాగ్ మీద, అంటే కాంటాక్టుల పట్టిక మీద, డిజిటల్ సంతకం చేసే టీక్యూఎస్ఎల్ సాఫ్ట్‌వేర్ దించుకోవడం, కాల్ సైన్ (లైసెన్సుతో వచ్చే రేడియో పేరు) సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టడం, లైసెన్సు నకలు పంపడం నాకంటే నువ్వే చురుగ్గా చేస్తావు. రెండు చోట్ల మాత్రం కాస్త ఆగు. ఆ కాల్ సైన్‌తో మొదటి కాంటాక్టు ఏ తేదీన జరిగిందని దరఖాస్తులో అడుగుతుంది. అక్కడ ఈ రోజు తేదీ వేశావంటే అంతకుముందు మాట్లాడినవేవీ ఆ సర్టిఫికెట్‌తో సంతకం కావు. నోటుపుస్తకం మొదటి పేజీ తీసి చూసి వెయ్యి. రెండోది, నీ సంతకానికి కావలసిన రహస్య తాళంచెవి దరఖాస్తు పెట్టిన కంప్యూటరులోనే తయారవుతుంది. సర్టిఫికెట్ వచ్చేలోపు ఆ కంప్యూటరును ఫార్మాట్ చేస్తే, వచ్చినది తెరుచుకోదు. నీకు కంప్యూటరును నెలకోసారి తుడిచి కొత్తగా ఎక్కించే సరదా ఉందని నాకు తెలుసు. ఈ ఒక్కసారికి దాన్ని అలా వదిలెయ్యి. వచ్చాక పీ12 ఫైలుగా నకలు తీసి వేరేచోట దాచు. గడువు మూడేళ్లు. తీరకముందే పొడిగించుకుంటే పని తేలిక.

లాగ్ యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన సమయంలో, ఉండాలని నీకు వేరే చెప్పాలా? అయినా చెబుతాను. తెలిసినవాళ్లే అర్ధరాత్రి దగ్గర గంటలు మార్చి, తేదీ మార్చడం మరచిపోతారు. రెండు లాగ్‌లలోని సమయాల మధ్య 30 నిమిషాల వరకు తేడాను ఒప్పుకుంటారు గానీ, ఒక రోజు తేడాను ఒప్పుకోరు.

ఇక నన్ను భయపెట్టిన సంగతికి వస్తాను. కాల్ సైన్‌లు, బ్యాండు (తరంగాల శ్రేణి), మోడ్ (మాటా, మోర్సా వంటి పద్ధతి), సమయం రెండు వైపులా కలిస్తే కాంటాక్టు ధ్రువపడుతుంది. ఉపగ్రహం ద్వారా మాట్లాడితే దాని పేరు కూడా కలవాలి. నువ్వు ఎక్కడ కూర్చుని మాట్లాడావన్నది మాత్రం ఆ పోలికలో లేదు. టీక్యూఎస్ఎల్‌లో ఏ స్టేషన్ లొకేషన్ ఎంచుకుని సంతకం చేస్తే, అందులోని గ్రిడ్ స్క్వేరే (భూమిని గళ్లుగా విడగొడితే నువ్వున్న గడి) అవతలివాళ్లకు చేరుతుంది. తప్పు లొకేషన్ ఎంచుకున్నా అన్నీ చక్కగా కలుస్తాయి. నీకు ఏ హెచ్చరికా రాదు. ఊరు తప్పుగా పడిన తపాలా ముద్రలాంటిది. ఉత్తరం చేరింది కదా అని ముద్ర వైపు ఎవరూ చూడరు.

నాకొక మిత్రుడున్నాడు. పేరు చెప్పను, నువ్వు అతని గొంతు విన్నావు. చేతిలో పట్టుకునే యాంటెన్నాతో ఉపగ్రహాల మీద మాట్లాడటంలో ఘటికుడు. ఒకసారి కారులో బయలుదేరి గ్రిడ్ తర్వాత గ్రిడ్ దాటుకుంటూ వెళ్లాడు. ఒక్కో స్క్వేరు రెండు డిగ్రీల రేఖాంశం, ఒక డిగ్రీ అక్షాంశం. అందులో కొన్ని హ్యామ్‌లే లేని చోట్లు. అలాంటి స్క్వేరు గాలిలో వినబడితే, వీయూసీసీ అవార్డు కోసం 100 గ్రిడ్‌లు పోగుచేసుకుంటున్నవాళ్లు అన్నం వదిలేసి రేడియో దగ్గరికి పరిగెత్తుతారు. ఇంటికి వచ్చాక మనవాడు ఏం చేశాడు? యాత్ర లాగ్ మొత్తాన్ని ఇంటి లొకేషన్ మీద సంతకం చేసి పంపేశాడు. అన్నీ ధ్రువపడ్డాయి. సంబరపడి నాకు ఫోను కూడా చేశాడు.

చాలా రోజుల తర్వాత ఒక అపరిచితుడు ఎంతో మర్యాదగా రాశాడు: ఆ రోజు మీరు గాలిలో చెప్పిన గ్రిడ్ ఒకటి, నాకు వచ్చిన ధ్రువీకరణలో ఉన్నది మరొకటి, ఒకసారి చూస్తారా అని. ఆయన ఆ స్క్వేరు కోసం ఏళ్ల తరబడి చూస్తున్నాడు. మనవాడు మొదట నవ్వేశాడు. తర్వాత సరిచేద్దామని కూర్చుంటే తెలిసింది, లాగ్‌లో కాల్ సైన్‌లూ సమయాలూ ఉన్నాయి గానీ ఏ సమయానికి ఏ స్క్వేరులో ఉన్నాడో ఎక్కడా రాసుకోలేదు. ఎక్కించిన కాంటాక్టును తీసేసే వీలు అక్కడ లేదు. సరైన లొకేషన్‌తో మళ్లీ సంతకం చేసి పంపాలి, అంతే. ఏది సరైనదో తెలిస్తే కదా! ఫోనులో తీసిన ఫొటోల సమయాలు పట్టుకుని కొన్ని తేల్చాడు. మిగతావి ఈ రోజుకూ తప్పుగానే ఉన్నాయి, ఎవరెవరి లెక్కల్లోనో.

మా రోజుల్లో కాంటాక్టును ధ్రువపరిచే కార్డు, అలాంటి కార్డులు చేరవేసే క్యూఎస్ఎల్ బ్యూరో ద్వారా వెళ్లి, జవాబు వచ్చేసరికి ఏళ్లు గడిచేవి. తొందర ఉంటే కవరులో జవాబు తపాలా ఖర్చుకు అంతర్జాతీయ జవాబు కూపన్ పెట్టి పంపేవాళ్లం. ఆ నత్తనడకను నేనేమీ పొగడను. 2003లో ఈ వ్యవస్థ వచ్చినప్పుడు అందరికంటే ముందు మురిసినవాళ్లలో నేనూ ఉన్నాను. కానీ కార్డు చేత్తో రాసేటప్పుడు, అప్పుడు నేనెక్కడున్నానని ప్రతి కార్డు దగ్గరా ఆగేవాళ్లం. ఇప్పుడు ఒక్క నొక్కుతో వెయ్యి కార్డులు వెళతాయి.

కిందటిసారి వచ్చినప్పుడు నీ నోటుపుస్తకం తిరగేశాను, కోప్పడకు. అక్షరాలు ముత్యాలు. కానీ ఇంట్లో మాట్లాడినవీ, హాస్టల్ మేడ మీదవీ, ఆ కొండ మీదవీ అన్నీ ఒకే వరుసలో ఉన్నాయి. చోటు ఎక్కడా లేదు! అంత తెలివైనదానివి, ఒక గడి గీసుకోవడానికి ఏమైంది? ఎక్కించే ముందు ఆ పేజీల పక్కన పెన్సిలుతో చోటు రాయి. ఒక్కో చోటికి ఒక్కో లొకేషన్ తయారు చేసి, లాగ్‌ను ఒక్కో ఏడీఐఎఫ్ ఫైలుగా (లాగ్‌లు దాచే ఫైలు రూపం) విడగొట్టి, వేర్వేరుగా సంతకం చెయ్యి. ఎక్కడ మాట్లాడావో గుర్తు రానివి పక్కన ఉంచు. మాట్లాడిన ఆనందం నీకు ఎలాగూ దక్కింది.

కొన్ని కలవవు. అవతలివాళ్లు ఏం రాశారో నీకు కనబడదు, కనబడకూడదు కూడా. కాల్ సైన్‌లో ఒక అక్షరం మార్చి చూద్దామా, సమయం కాస్త జరిపి చూద్దామా అనిపిస్తుంది, ముఖ్యంగా వంద దేశాలు, ప్రాంతాలతో మాట్లాడితే వచ్చే డీఎక్స్‌సీసీ అవార్డులో 99 దగ్గర ఆగిపోయినప్పుడు. ఆ రాత్రి కంప్యూటరు కట్టేసి పడుకో. లేదా నాకు ఫోను చెయ్యి, తిడతాను.

ఏడీఐఎఫ్ ఫైళ్ల నకళ్లు నీ దగ్గరే ఉంచుకో. 2024 మేలో సైబర్ దాడి తర్వాత ఈ సేవ జూలై వరకు నిలిచిపోయింది. సొంత లాగ్ చేతిలో ఉన్నవాళ్లు నింపాదిగా ఉన్నారు.

మనిద్దరం 40 మీటర్ల బ్యాండులో మాట్లాడినవి నా వైపు నుంచి ఎప్పుడో ఎక్కించాను. నీవి వచ్చాక ఎన్ని కలుస్తాయో చూస్తాను. ఏదైనా కలవకపోతే నా లాగ్ నేను మార్చను, నువ్వూ మార్చవద్దు. పొద్దున్నే 40 మీటర్లలోకి రా, మళ్లీ మాట్లాడుకుందాం.

మీ అమ్మను అడిగానని చెప్పు.

మామయ్య