విదేశీ అప్పుతో ఏటిగట్టు పని మీ ఊరొస్తే: మేనకోడలికి ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఏటిగట్టు ఎత్తూ వెడల్పూ పెంచే పని మీ ఊరి మీదుగా వస్తోందనీ, డబ్బు ఏదో విదేశీ బ్యాంకు అప్పనీ, గట్టుకి ఆనుకున్న కొబ్బరి తోటలూ, గట్టు మీది ఇళ్ళూ పోతాయని జనం కంగారు పడుతున్నారనీ రాశావు. అర్జీలు రాసే పని నీ నెత్తిన పెట్టారట, మంచిదే. పని కావాలా వద్దా అన్నది ఊరు తేల్చుకోవాల్సిన మాట. 1986 వరద సంగతి తెలిసిన లంక ఊళ్ళవాళ్ళు గట్టు వద్దంటారని నేననుకోను. పోయేవాళ్ళకి రావలసింది చట్ట ప్రకారం రాబట్టడం ఎలాగో, ఆ వరకే చెబుతాను.

ఇలాంటి పనికి రెండు రకాల నిబంధనలు వర్తిస్తాయి. ఒకటి మన భూసేకరణ చట్టం, 2013లో చేసింది, 2014 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. రెండోది అప్పిచ్చే బ్యాంకు సొంత నియమాలు. ఇవి ఉత్త సలహాలు కావు. అప్పు ఒప్పందంలో భాగమై ఉంటాయి, వాటికి మన ప్రభుత్వం ఒప్పుకుని సంతకం పెట్టి ఉంటుంది. మన చట్టంలో దొరకనిది కొంత అక్కడ దొరుకుతుంది. కానీ రెండు చోట్లా గడువులుంటాయి. జనం నష్టపోయేది హక్కు లేక కాదు, ఎక్కువసార్లు గడువు దాటిపోయి.

ముందు అప్పు ఎవరిదో తేల్చు. "వరల్డ్ బ్యాంకంట" అని ఊళ్ళో అనుకునేది నమ్మకు. మన రాష్ట్రంలో పల్లె రోడ్లకి 2018లో అప్పిచ్చింది బీజింగ్‌లో ఉన్న ఏఐఐబీ (ఆసియా మౌలిక సదుపాయాల పెట్టుబడి బ్యాంకు), అయినా జనం నోట అదీ వరల్డ్ బ్యాంకే. టెండరు ప్రకటన చూడు, పని దగ్గర పెట్టిన బోర్డు చూడు, బ్యాంకు పేరూ అప్పు నంబరూ ఉంటాయి. ప్రపంచ బ్యాంకు ప్రాజెక్టయితే 'పీ' అక్షరం తర్వాత 6 అంకెలతో ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. అది కొడితే ఆ బ్యాంకు వెబ్‌సైటులో కాగితాలన్నీ వస్తాయి. ఇంకో సంగతి, పెద్ద పనిని ప్యాకేజీలుగా ముక్కలు చేస్తారు. మీ ఊరి ముక్క, అంటే ఏ కిలోమీటరు నుంచి ఏ కిలోమీటరు దాకా, బ్యాంకు డబ్బుతోనా, రాష్ట్రం సొంత డబ్బుతోనా అన్నది వేరే అడగాలి. ఇది తేలకుండా మనీలాలోనో వాషింగ్టన్‌లోనో ఉన్న బ్యాంకు కేంద్ర కార్యాలయానికి ఉత్తరం రాస్తే తపాలా ఖర్చే మిగిలేది.

ఆ కాగితాల్లో నీక్కావలసింది పునరావాస ప్రణాళిక. ఎవరికి ఏమివ్వాలో ఒక పట్టికలో ఉంటుంది. దాని తెలుగు అనువాదం ఊళ్ళో అందుబాటులో పెట్టమని అడుగు. బాధితులకి అర్థమయ్యే భాషలో సమాచారం ఇవ్వాలన్నది ప్రపంచ బ్యాంకు నియమం.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన పని, జాబితా. పేరు జాబితాలో లేకపోతే తర్వాత ఎంత మొత్తుకున్నా లాభం తక్కువ. భూమి ఉన్నవాళ్ళు ఎలాగూ ఎక్కుతారు, ఎక్కనిది కౌలు రైతులు. మన డెల్టాలో సాగు చేసేవాళ్ళలో కౌలుదార్లే ఎక్కువ కదా. 2013 చట్టం ప్రకారం, భూమి తీసుకోవడానికి ముందు 3 ఏళ్ళుగా ఆ భూమే ప్రధాన జీవనాధారమైన కౌలుదార్లూ పాలేర్లూ, అలాగే ఆ నీళ్ళ మీదే బతికే చేపలు పట్టేవాళ్ళూ పడవ నడిపేవాళ్ళూ కూడా బాధిత కుటుంబాలే. అసైన్డ్ భూముల వాళ్ళనీ, అంటే సర్కారు పట్టా ఇచ్చిన భూములవాళ్ళనీ, ఆ చట్టం భూయజమానుల నిర్వచనంలో చేర్చింది. కాబట్టి లంకల్లో అలాంటి డీ-పట్టా ఉన్నవాళ్ళని "ఇది సర్కారు భూమేగా" అని ఎవరైనా తీసిపారేస్తే ఒప్పుకోవద్దు.

కౌలుకి రుజువు ఎక్కడిదంటావు. 2019 చట్టం కింద ఇచ్చే సాగుదారు హక్కు కార్డు ఉంటే మేలు. కానీ దాని మీద యజమాని సంతకం కావాలి, గడువు 11 నెలలే. సంతకం పెట్టని ఆసాములే ఎక్కువ. అందుకని ఈ-క్రాప్‌లో, అంటే ప్రభుత్వం చేసే పంట నమోదులో, సాగుదారుగా ఎవరి పేరు ఎక్కిందో చూడు. ధాన్యం అమ్మిన రసీదులు, సొసైటీలో ఎరువు బిల్లులు, సంఘం మీద తీసుకున్న పంట రుణం, పంట నష్టపరిహారం పడిన బ్యాంకు పాసుబుక్కు, ఇవన్నీ పనికొస్తాయి. 3 ఏళ్ళకీ ఏడాదికొక్కటైనా ఉండేలా ఏరి, ఒక్కో కుటుంబానికి ఒక్కో కవరు పెట్టు.

గట్టు మీద ఇళ్ళవాళ్ళ సంగతి వేరు. పోరంబోకు కాబట్టి మన చట్టంలో వాళ్ళకి భూమి ధర రాదు. ఇక్కడే బ్యాంకు నియమం అక్కరకొస్తుంది. ప్రపంచ బ్యాంకు అయిదో ప్రమాణం భూమి మీద ఏ హక్కూ లేనివాళ్ళని కూడా ఒక వర్గంగా గుర్తిస్తుంది. నేలకి ధర ఇవ్వకపోయినా, వాళ్ళు కట్టుకున్న ఇంటికీ పెంచుకున్న చెట్లకీ పరిహారం, మళ్ళీ నిలదొక్కుకోడానికి సాయం ఇవ్వాలి. ఒకటే షరతు. లెక్క తీసిన కటాఫ్ తేదీకి ముందే వాళ్ళక్కడ ఉండాలి. ఆ తేదీ ఎప్పుడో పంచాయతీలో రాసి పెట్టమని అడుగు. కరెంటు బిల్లు, రేషన్ కార్డు, ఇంటి పన్ను రసీదు, వీటిలో ఆ తేదీకి ముందువి దగ్గరుంచుకోవాలి. తేదీ ప్రకటించాక కొత్తగా పాక వేసేవాళ్ళుంటారు. వాళ్ళని మీ అర్జీలో కలిపావంటే నిజమైనవాళ్ళ అర్జీ కూడా చెడుతుంది. బంధువులైనా సరే, వద్దను.

తర్వాత ఉమ్మడి కొలత. సర్వేయరూ, రెవెన్యూవాళ్ళూ, ప్రాజెక్టు ఇంజనీరూ కలిసి వస్తారు. ఆ రోజు తోట యజమాని లేకపోతే వాళ్ళు రాసిందే లెక్క. కొబ్బరి తోటలో కాపు చెట్లు వేరు, కాపుకి రానివి వేరు, నాటిన మొక్కలు వేరు రాయించాలి. లోపల అంతర పంటగా ఉన్న కోకో, అరటి, పోక కూడా. మోటారు, బోరు, పంపు షెడ్డు, కంచె మర్చిపోతారు. ప్రతి కాపు చెట్టుకీ ముందు రోజే సున్నంతో నంబరు వేసుకుని ఫొటో తీసుకోవాలి. కొలత కాగితం చదవకుండా సంతకం పెట్టొద్దు. ఒప్పుకోని చోట పక్కనే "ఒప్పుకోవడం లేదు" అని రాసి సంతకం పెట్టొచ్చు. నోటితో కుంచాలు చెప్పుకున్నా, కాగితం మీద ఎకరా సెంట్లే రాయి.

అర్జీలు ఎలా రాయాలో ఒక ముక్క చూపిస్తాను. మనవాళ్ళు "మాకు తీరని అన్యాయం జరుగుచున్నది, తమరు దయతో న్యాయం చేయగలరు" అని రెండు పేజీలు నింపుతారు. దానికి ఆఫీసులో జవాబు రాయక్కర్లేదు. ఇలా రాయి: "ఫలానా తేదీన జరిగిన ఉమ్మడి కొలతలో, సర్వే నంబరు ఫలానాలో నా కాపు చెట్లు 26 అని రాశారు. ఉన్నవి 31. తప్పిన 5 చెట్లు పడమటి హద్దు వెంబడి వరసలో ఉన్నాయి, ఫొటోలు జతచేశాను. ఆ వరస మళ్ళీ లెక్కించి, సవరించిన జాబితా నకలు ఇప్పించ ప్రార్థన." ఒక అర్జీకి ఒక్క విషయం. రెండు కాపీలు. రెండో దాని మీద అందినట్టు స్టాంపు, తేదీ, ఇన్‌వార్డ్ నంబరు వేయించు. వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచు. కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్స్‌లో ఇస్తే వెంటనే నంబరొస్తుంది.

గడువుల మాటకొస్తాను. చట్టంలో 11వ సెక్షన్ కింద ప్రాథమిక నోటిఫికేషన్ వస్తుంది. గెజిట్‌లో, రెండు దినపత్రికల్లో (ఒకటి తెలుగుది), పంచాయతీలో వెయ్యాలి. వచ్చిన తేదీ నుంచి 60 రోజుల్లోగా 15వ సెక్షన్ కింద అభ్యంతరం కలెక్టరుకి రాతపూర్వకంగా ఇవ్వొచ్చు. స్వయంగా వినమని కూడా అడగాలి. 2018లో మన రాష్ట్రం ఈ చట్టానికి సవరణ చేసుకుని కొన్ని తరగతుల పనులకి సామాజిక ప్రభావ అంచనా నుంచి మినహాయింపు ఇచ్చే వీలు పెట్టుకుంది. కాబట్టి మీ నోటిఫికేషన్‌లో ఏ సెక్షన్లు రాశారో, ఎన్ని రోజులు ఇచ్చారో అక్షరం అక్షరం చదువు. నోటిఫికేషన్ వచ్చాక ఆ భూమి అమ్మడం, తనఖా పెట్టడం కుదరవు. ఆడపిల్ల పెళ్ళి పెట్టుకున్నవాళ్ళకి ఇది ముందే చెప్పు.

ధర దగ్గర మనవాళ్ళు దెబ్బతినేది సొంత అలవాటు వల్లే. చుట్టుపక్కల గత 3 ఏళ్ళలో జరిగిన రిజిస్ట్రేషన్లలో ఎక్కువ ధర పలికిన సగం దస్తావేజుల సగటు చట్టంలో ఒక కొలమానం. స్టాంపు డ్యూటీ మిగుల్చుకోడానికి దస్తావేజులో తక్కువ వేసుకున్నది ఇక్కడ తిరిగి తగులుతుంది. అయినా సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో నకళ్ళు తీయించు, బ్యాంకు లోను పెట్టి కొన్నవాళ్ళ దస్తావేజుల్లో నిజం ధర ఉండే అవకాశం ఎక్కువ. మార్కెట్ విలువని పల్లెల్లో రాష్ట్రం నిర్ణయించిన గుణకంతో హెచ్చించి, చెట్లూ ఇళ్ళ విలువ కలిపి, దాని మీద 100 శాతం సొలేషియం, అంటే బలవంతాన తీసుకున్నందుకు ఇచ్చే అదనపు మొత్తం, కలుపుతారు. మార్కెట్ విలువ మీద ఏడాదికి 12 శాతం అదనం వేరే. అవార్డు కాగితంలో, అంటే కలెక్టరు పరిహారం ఖరారు చేసిన ఉత్తర్వులో, ఈ ముక్కలన్నీ విడివిడిగా ఉన్నాయో లేదో చూడు, మొత్తం ఒక్క అంకె ఇస్తే విడగొట్టి ఇమ్మను. ఇళ్ళ లెక్కలో పాతబడినందుకు తరుగుదల కోస్తుంటారు. ప్రపంచ బ్యాంకు నియమంలో తరుగుదల తియ్యకూడదు, అలాంటిదే కొత్తగా కట్టుకోడానికి ఎంతవుతుందో అంత ఇవ్వాలి. పెంకుటిళ్ళవాళ్ళకి ఈ ఒక్క మాట వల్ల చాలా తేడా వస్తుంది.

డబ్బు తీసుకునేటప్పుడు "అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని రసీదు మీద రాయాలి. రాయకుండా తీసుకుంటే 77వ సెక్షన్ ప్రకారం ఎక్కువ కోరే హక్కు పోతుంది. అవార్డు చెప్పినప్పుడు నువ్వక్కడ ఉంటే పరిహారం పెంచమని 6 వారాల్లోగా 64వ సెక్షన్ కింద దరఖాస్తు పెట్టాలి. పరిహారం పూర్తిగా ఇవ్వకుండా స్వాధీనం చేసుకోకూడదని 38వ సెక్షన్. జేసీబీ ముందొచ్చి చెక్కు తర్వాతొస్తే ఆ రోజే ఫొటో తీసి ఫిర్యాదు ఇవ్వు.

సంతకాల్లో రెండింటితో జాగ్రత్త. ఒకటి సమ్మతి పత్రం, బేరం కుదిరిందని సంతకం పెడితే తర్వాత ఎక్కువ అడగడం చాలా కష్టం. రెండోది దానపత్రం. రోడ్డు వెడల్పుకనీ గట్టు వాలుకనీ రెండు మూడు సెంట్లు "ఊరి కోసం" రాసిమ్మంటారు. బ్యాంకు నియమంలో దానానికి షరతులున్నాయి. ఇవ్వను అనే స్వేచ్ఛ ఉండాలి, ఇచ్చేది కొద్దిపాటిదై ఉండాలి, మిగిలినదాంతో బతుకు గడవాలి, ఇల్లు కదలకూడదు, ఇచ్చేవాడికీ ఆ పనితో మేలు ఉండాలి. పెద్దలంతా ఎదురుగా కూర్చుని "నీ ఒక్కడి వల్ల ఆగింది" అంటుంటే పెట్టిన సంతకం దానం కాదు. అలా జరిగితే ఎవరెవరున్నారో అదే రోజు రాసి పెట్టు.

కాగితాలు ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10. జవాబుకి 30 రోజులు, రాకపోతే 30 రోజుల్లో మొదటి అప్పీలు. 2022లో కోనసీమ జిల్లా విడిపోయింది కాబట్టి పాత ఫైళ్ళు కాకినాడలో ఉండొచ్చు. "మా దగ్గర లేవు" అంటే, ఉన్న ఆఫీసుకి 5 రోజుల్లో బదిలీ చెయ్యడం వాళ్ళ బాధ్యతే.

ఇవన్నీ చేశాకే బ్యాంకు గుమ్మం. ముందు ప్రాజెక్టు ఆఫీసులోని ఫిర్యాదుల విభాగం, తర్వాత ఢిల్లీలోని బ్యాంకు కార్యాలయం. అక్కడా తేలకపోతే ప్రపంచ బ్యాంకు తనిఖీ సంఘం, ఇన్‌స్పెక్షన్ ప్యానెల్. నర్మదా మీద సర్దార్ సరోవర్ గొడవ తర్వాత 1993లో పెట్టారు. బాధితులు ఇద్దరు చాలు, తెలుగులో రాసినా తీసుకుంటారు, పేర్లు గోప్యంగా ఉంచమంటే ఉంచుతారు. ముందు బ్యాంకువాళ్ళకి చెప్పిన రుజువు మాత్రం కావాలి. టెండరు ఎవరికిచ్చారన్న ఫిర్యాదులు తీసుకోరు. అప్పు ముగిసిన 15 నెలల వరకూ ఇప్పుడు గడువుంది. ఆసియా అభివృద్ధి బ్యాంకుకి మనీలాలో ఇలాంటి ఏర్పాటే ఉంది, అక్కడ 2 ఏళ్ళు.

ఊరివాళ్ళకి మాత్రం దీన్ని కోర్టులా చెప్పొద్దు. ఆ సంఘం మన ప్రభుత్వాన్ని విచారించదు, బ్యాంకు తన నియమాలు తాను పాటించిందా లేదా అన్నదే చూస్తుంది. డబ్బు ఇప్పించదు, ఫిర్యాదు పెట్టగానే పని ఆగదు. అమరావతి మీద 2017లో కొందరు అక్కడికి ఫిర్యాదు చేశారు. 2019లో కేంద్రం అప్పు అభ్యర్థనే వెనక్కి తీసుకోవడంతో తీర్పేమీ లేకుండా అది ముగిసింది. 2024 డిసెంబరులో వేరే అప్పు మంజూరైంది. కొత్త అప్పంటే కొత్త ఫిర్యాదే, పాతది దానికి అతుక్కోదు. కచ్‌లోని ముంద్రా విద్యుత్ కేంద్రం వల్ల నష్టపోయామని మత్స్యకారులు, దానికి అప్పిచ్చిన ప్రపంచ బ్యాంకు అనుబంధ సంస్థ ఐఎఫ్‌సీ మీద అమెరికాలో దావా వేస్తే, అంతర్జాతీయ సంస్థలకి పూర్తి రక్షణ లేదని 2019 ఫిబ్రవరి 27న అక్కడి సుప్రీంకోర్టు 7–1తో చెప్పింది. పేపర్లన్నీ గెలుపని రాశాయి. తర్వాత కింది కోర్టుల్లో ఆ దావా నిలవలేదు. అందుకే నా ఓటు అమలాపురానికి, వాషింగ్టన్‌కి కాదు. బ్యాంకుకి పెట్టే ఫిర్యాదు ప్రధానంగా ఇక్కడి ఇంజనీరూ ఆర్డీవో ఫైలు కదిలించడానికి ఉపయోగపడుతుంది, అదీ తక్కువేం కాదు.

వకీలు ఖర్చుకి భయపడొద్దు. ఆడవాళ్ళకీ, ఎస్సీ ఎస్టీలకీ ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలుని ఇస్తుంది. ఫోను 15100. అందుకని 64వ సెక్షన్ దరఖాస్తుల్లో, ఆస్తి ఉమ్మడిదైతే, భార్యల పేర్లు కూడా పెట్టించు.

ఈ వారంలో చెయ్యాల్సినవి రెండే. గట్టు మీది ఇళ్ళ జాబితా ఇంటింటికీ తిరిగి రాయి, కటాఫ్ తేదీ ఏమిటని ఆర్డీవోకి ఒక అర్జీ పెట్టు. నోటిఫికేషన్ వచ్చిందని తెలిస్తే ఆ రోజు పేపరు కటింగు నాకు వాట్సాప్‌లో పంపు. 60 రోజులు ఎప్పటికి అయిపోతాయో లెక్కేసి చెబుతాను.

అమ్మనీ నాన్ననీ అడిగానని చెప్పు.

మీ మావయ్య