పియానిస్టు మీద నవల రాస్తున్న నీకు

చిరంజీవికి,

నువ్వు పంపిన మూడు అధ్యాయాలూ చదివాను. వాక్యం నీ చేతిలో బాగానే నడుస్తోంది, దాని గురించి నాకు బెంగ లేదు. బెంగంతా నీ కథానాయిక గురించే. నాలుగేళ్ళకే పియానో ముందు కూర్చుంది, పదేళ్ళకు పోటీ గెలిచింది, ఇరవయ్యేళ్ళకు హాలు హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. బాగుంది. కానీ ఆమె రోజంతా ఏం పని చేస్తుందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

కచేరీ మహా అయితే రెండు గంటలు. ఆమె బతుకంతా ఆ రెండు గంటలకు బయట ఉంది. నీ కథ కూడా అక్కడే ఉంది.

ముందు వాద్యం సంగతి చూడు. వయొలిన్ వాయించేవాళ్ళు తమ వాద్యాన్ని పెట్టెలో పెట్టుకుని వెంట తీసుకెళ్తారు. పియానిస్టుకు ఆ వీలు లేదు. పెద్ద హాళ్ళలో వాడే కచేరీ గ్రాండ్ అనే పెద్ద పియానో దాదాపు 9 అడుగుల పొడవు, సుమారు అర టన్ను బరువు ఉంటుంది. హొరోవిట్జ్ లాంటి పేరున్న పియానిస్టులు ఏ ఒకరిద్దరో సొంత పియానోతో తిరిగారు గానీ, మిగతావాళ్ళందరికీ ఏ ఊరికి వెళ్తే ఆ ఊరి పియానోయే దిక్కు. అంటే నీ నాయిక ప్రతిసారీ ముక్కూమొహం తెలియని వాద్యంతో ఆ పూటకు సర్దుకుపోవాలి. ఇంత మంచి విషయాన్ని నువ్వు ముట్టుకోనేలేదు.

కచేరీ రోజు మధ్యాహ్నం ఆమెను ఖాళీ హాలుకు తీసుకెళ్ళు. ముందు బెంచీ ఎత్తు సరిచేసుకుంటుంది. 88 మీటల్నీ మెల్లగా నొక్కి చూస్తుంది. ఏది బరువుగా దిగుతోంది, ఏది ఆలస్యంగా పైకి లేస్తోంది, ఏ స్వరం పక్కవాటి కంటే గట్టిగా పలుకుతోంది? పక్కన ట్యూనర్, అంటే పియానో శ్రుతి సరిచేసేవాడు, నిలబడి ఉంటాడు. ‘ఈ ఒక్కటీ చెవిలో గుచ్చుకుంటోంది’ అని ఆమె అనగానే, అతను లోపల తీగను కొట్టే చిన్న సుత్తిని కప్పిన ఫెల్టును (ఉన్ని దిమ్మను) సన్నటి సూదులతో పొడిచి మెత్తబరుస్తాడు. అంతా కుదిరిందనుకుంటే సాయంత్రం జనం నిండాక ఆ హాలు పలికే తీరే మారిపోతుంది. ఆ మధ్యాహ్నం నాలుగు పేజీలు రాసినా నేను విసుక్కోను.

సాధన గురించి ‘రాత్రింబవళ్ళు సాధన చేసింది’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు. పియానిస్టులకు బొటనవేలు 1, చిటికెనవేలు 5. స్వరలిపి పుస్తకంలో ఏ స్వరానికి ఏ వేలో పెన్సిల్‌తో అంకెలు వేసుకుంటారు. ఒక చోట 4 కొట్టేసి 3 వేసుకుందనుకో, చేతికి పట్టేసిన పాత దారిని మరిపించి కొత్తది ఎక్కించాలి. పూర్తి వేగంలో, టెన్షన్‌లో, చెయ్యి మళ్ళీ పాత దారే పట్టొచ్చు. ఆ ఒక్క అంకె దగ్గర ఆమె ఎంత విసిగిందో రాస్తే చాలు, ఆమె ఎలాంటి మనిషో నేను పోల్చుకుంటాను.

ఇక జ్ఞాపకం. పుస్తకం చూడకుండా వాయించడం ఎప్పటినుంచో ఉన్న నియమమేమీ కాదు. 19వ శతాబ్దంలో క్లారా షూమన్ లాంటి పియానిస్టులు మొదలుపెట్టినప్పుడు దాన్ని పొగరు అన్నవాళ్ళూ ఉన్నారు. తర్వాత అదే ఆచారమై కూర్చుంది. రష్యన్ పియానిస్టు రిక్టర్ చివరి ఏళ్ళలో హాలంతా చీకటి చేయించి, చిన్న దీపం వెలుతురులో పుస్తకం చూస్తూ వాయించాడు. నీ నాయిక ఎప్పుడైనా మధ్యలో మరిచిపోయిందా? ఆ భయం ఆమెకు ఉందో లేదో నువ్వు తేల్చుకోవాలి.

చదవడం మొదలుపెడితే గెలిచినవాళ్ళ దగ్గర ఆగిపోకు, వేదిక దిగిపోయినవాళ్ళ దగ్గర ఎక్కువసేపు ఉండు. హొరోవిట్జ్ 1953లో కచేరీలు మానేసి, మళ్ళీ 1965లో న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్లో కనిపించాడు. ఆ పన్నెండేళ్ళూ అంత గొప్ప చేతులు జనానికి దూరంగా ఉండిపోయాయి. గ్లెన్ గూల్డ్ 1964లో, 31 ఏళ్ళకే, కచేరీలకు దండం పెట్టి రికార్డింగు గదిలోకి వెళ్ళిపోయాడు. మార్తా ఆర్గెరిచ్ పియానో మానలేదు గానీ 1980ల నుంచి ఒంటరి కచేరీలు దాదాపు వదిలేసి, తోటి కళాకారులతో కలిసి వాయించడమే ఎంచుకుంది. వేదిక మీద ఒక్కరే కూర్చోవడం ఎంత కష్టమో ఈ ముగ్గురినీ చూస్తే తెలుస్తుంది.

చేతికి జబ్బు చేసే కథ కావాలంటే పియానిస్టు లియోన్ ఫ్లైషర్ గురించి చదువు. ముప్పై ఆరేళ్ళ వయసులో కుడిచేతి చివరి రెండు వేళ్ళు మాట వినడం మానేశాయి. ఏళ్ళ తరబడి ఎడమచేత్తో మాత్రమే వాయించే రచనలు వాయించాడు. మొదటి ప్రపంచయుద్ధంలో కుడిచెయ్యి పోగొట్టుకున్న పియానిస్టు పాల్ విట్‌గెన్‌స్టైన్ కోసం సంగీతకర్త రావెల్ రాసిన కన్చెర్టో (వాద్యబృందంతో కలిసి వాయించే రచన) కూడా వాటిలో ఉంది. మూడు దశాబ్దాల తర్వాత కండరాలను సడలించే బొటాక్స్ ఇంజెక్షన్లతో రెండు చేతులా వాయించగలిగాడు, జబ్బు మాత్రం పూర్తిగా పోలేదు. దీన్ని అద్భుతంలా రాయాలనిపిస్తుంది. రాయకు.

డబ్బు సంగతి నీ నవల్లో ఎక్కడా లేదు. రష్యా వదిలి వచ్చిన సంగీతకర్త రహ్మానినోవ్ నలభై నాలుగేళ్ళ వయసులో పూర్తికాలం కచేరీ పియానిస్టుగా మారింది ఇల్లు గడవడానికే.

సంగీతం వర్ణించే చోట ఆ జలపాతాలూ వెన్నెలలూ అన్నీ తీసెయ్. పాఠకుడికి అది ఎలాగూ వినిపించదు. చెయ్యి ఏం చేసిందో, హాలు ఏం చేసిందో చెప్పు. ఎవరైనా దగ్గితే అది కూడా రాయి.

ఇంకొకటి, రెండో అధ్యాయంలో ఆమె ఎడమ పెడల్ తొక్కి స్వరాన్ని సాగదీసిందని ఉంది. సాగదీసేది కుడి పెడల్. ఎడమది తొక్కితే గ్రాండ్ పియానోలో సుత్తుల వరుస కాస్త పక్కకు జరిగి శబ్దం మెత్తబడుతుంది. ఆ వాక్యం సరిచేసి, నాలుగో అధ్యాయంతో పాటు పంపు.

ఆశీస్సులతో.