పెళ్లిరోజుకి బెజవాడ వెళ్లండి, కార్డు మాత్రం ఇంట్లో పెట్టండి

ప్రశ్న: మాది గుంటూరు, జీతం 42 వేలు. డిసెంబర్‌లో మా మొదటి పెళ్లిరోజు. రోజంతా విజయవాడ చూసి, రాత్రి పెద్ద హోటల్లో బఫే తినాలని ప్లాన్. కారుతో కలిపి 15 వేలు అవుతుంది, కార్డు మీద పెడదామనుకుంటున్నా. కార్డులో ఇప్పటికే 38 వేల బాకీ ఉంది. వడ్డీ నెలకు 3.5 శాతం, మినిమం 1,900 కడుతున్నా. సేవింగ్స్‌లో ఉన్న 18 వేలు కదపడం ఇష్టం లేదు.

జవాబు: వెళ్లండి, అందులో తప్పేం లేదు. గొడవంతా ఆ కార్డుతోనే.

మీరు కట్టే 1,900లో వడ్డీకి 1,330, దాని మీద 18 శాతం జీఎస్టీకి 240 దాకా పోతున్నాయి, అంటే అసలులో తగ్గేది నెలకు 330 రూపాయలే. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పాత బాకీ పూర్తిగా తీరేదాకా కొత్త ఖర్చుకు వడ్డీ లేని గడువు వర్తించదు, గీకిన రోజు నుంచే మీటర్ తిరుగుతుంది, పొద్దున తిన్న ఇడ్లీకి కూడా.

సేవింగ్స్ కదపనన్నారు చూడండి, అసలు నష్టం అక్కడే. అందులో 10 వేలకు నెలకు వచ్చే వడ్డీ మహా అయితే పాతిక రూపాయలు, అదే 10 వేలు కార్డులో బాకీగా ఉన్నందుకు మీరు కట్టేది 413. అందుకే 18 వేలలో 3,500 ట్రిప్పుకి తీయండి, 10 వేలు కార్డుకి కట్టేయండి, 4,500 అత్యవసరానికి ఉంచండి. మిగిలిన 28 వేలకి కొత్తగా ఏమీ గీకకుండా నెలకు 4 వేల చొప్పున కడితే తొమ్మిది నెలల్లో తీరిపోతుంది.

3,500తో ఏమొస్తుందంటారా? బండి మీద వెళ్తే పెట్రోలు 300. ఉండవల్లి గుహలు బ్యారేజీకి ఇవతలే, మీ దారిలోనే ఉంటాయి కాబట్టి ఎండ ఎక్కకముందే చూసేయండి, టికెట్ నామమాత్రం, పైఅంతస్తులో ఒకే రాతిలో చెక్కిన అనంతపద్మనాభస్వామి దగ్గర తొందరపడకండి. తర్వాత 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ మీదుగా అవతలికి, గాంధీనగర్‌లో వెన్న ఇడ్లీ, కొండ మీద అమ్మవారికి ఉచిత క్యూ (శుక్రవారం మాత్రం వద్దు, సగం రోజు లైన్లోనే పోతుంది). మధ్యాహ్నం ఉలవచారుతో భోజనం 700, సాయంత్రం కృష్ణలో బోటు. రాత్రి డిన్నర్‌కి 1,500 పెట్టుకోండి, ఇందులో పిసినారితనం వద్దు, ఆవిడకి నచ్చిన చోటే తినండి.

బఫే గురించి ఒక మాట. గది అద్దె రోజుకు 7,500 దాటే హోటళ్లలో తిండి మీద జీఎస్టీ 18 శాతం, మామూలు రెస్టారెంట్లలో 5 శాతమే. బిల్లులో సర్వీస్ చార్జ్ కలిపితే తీసేయమని అడగండి, 2022 వినియోగదారుల మార్గదర్శకాల ప్రకారం అది బలవంతంగా వేయకూడదు. పెళ్లాం పక్కనుందని మొహమాటపడకండి.

కార్డుకి ఆ 10 వేలు డిసెంబర్ దాకా ఆగకుండా ఈ వారమే కట్టండి, ఆలస్యమైన ప్రతి రోజుకీ వడ్డీ పడుతోంది.