మసాలా డబ్బా పక్కన పెట్టు

నాన్నా,

ఇస్తాంబుల్ కడికోయ్‌లో గది దొరికిందని, వంటింట్లో గ్యాస్ పొయ్యితోబాటు ఓవెన్ కూడా ఉందని మీ అమ్మ చెప్పింది. సంతోషం. నీ ల్యాబు స్నేహితుల్ని భోజనానికి పిలిచావట, టర్కీ వంకాయ వంటలు నువ్వే చేసి పెడతానన్నావట. ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పు పెద్దమ్మా అన్నావు గానీ ఇది రెండు ముక్కల్లో తేలే పని కాదు. ఇజ్మీర్‌లో కాపురం పెట్టాక ఈ వంటలన్నీ మా అపార్ట్‌మెంట్‌లోని పెద్దావిడల పక్కన నిలబడి, వాళ్ల చేతులు చూస్తూ నేర్చుకున్నాను. నీకు ఆ వీలు లేదు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను. నువ్వూ తీరిగ్గా చదువుకో.

ముందుగా, ఊరి నుంచి తెచ్చుకున్న ఆ మసాలా డబ్బా అలమరలో పెట్టెయ్. ధనియాలు, జీలకర్ర, గరం మసాలా, చింతపండు, ఏవీ వద్దు. మన గుత్తివంకాయలో సగం రుచి లోపల కూరిన కారానిది. ఇక్కడివాళ్లు వంకాయ కండనే తింటారు. ఉల్లిపాయ, వెల్లుల్లి, టమాటా, నూనె, ఉప్పు, కాస్త మిరియాల పొడి ఉంటే చాలు. మరి రుచి ఎక్కణ్ణుంచి వస్తుందంటావా? కాయ నూనెలో పూర్తిగా మగ్గడం వల్ల, ఆ తర్వాత సన్న సెగ మీద తన రసంలో తానే ఊరడం వల్ల. మనకి ముక్క కాస్త పలుకుగా ఉన్నా చెల్లిపోతుంది. ఇక్కడ అలా కాదు. చెంచా ఆనిస్తే కండ వెన్నలా విడిపోవాలి. పలుకు మిగిలితే ఎవరూ పైకి ఏమీ అనరు గానీ రెండోసారి వడ్డించుకోరు.

మీ దగ్గర మంగళవారం పెద్ద సంత జరుగుతుంది, సాలీ పజారీ అంటారు. అక్కడికే వెళ్లు. వంకాయల్లో నీకు కావలసినవి రెండు రకాలు. పొడుగ్గా, సన్నగా, నల్లగా ఉండేవి కెమెర్ వంకాయలు. వేయించడానికి, కూరడానికి అవి. బొద్దుగా, పెద్దగా ఉండేవి బోస్తాన్ వంకాయలు. కాల్చడానికి అవి. సంతలో ‘కర్నియారిక్ చేస్తాను’ (కైమా కూరిన వంకాయ వంట అది) అని చెప్పు చాలు, ఒకే సైజు కాయలు వాళ్లే ఏరి ఇస్తారు. నిగనిగలాడాలి, తొడిమ పచ్చగా ఉండాలి, వేలితో నొక్కితే లోపలికి దిగిన చర్మం మళ్లీ పైకి రావాలి. బోస్తాన్ కాయల్లో మాత్రం ఒకే సైజువి రెండు చేతుల్లోకి తీసుకుని తేలిగ్గా ఉన్నదాన్ని ఎంచుకో, గింజ తక్కువ ఉంటుంది. జూన్ నుంచి అక్టోబరు దాకా ఇక్కడ వంకాయ కాలం. నువ్వు సెప్టెంబరులో పిలుస్తున్నావు, మంచి అదను.

ఇక తొక్క. మొత్తం తీయకు, మొత్తం ఉంచకు. తొడిమ చుట్టూ ఉన్న ముళ్ల రేకులు కోసి, కాడ మాత్రం ఉంచి, నిలువుగా వేలెడు వెడల్పు తొక్క తీసి, అంతే వెడల్పు వదిలేస్తూ చారలు చారలుగా చెయ్యి. తొక్క ఉన్నచోట కాయ ఆకారం నిలుస్తుంది, లేనిచోట నూనె లోపలికి దిగుతుంది. వెంటనే ఉప్పు నీళ్లలో వేసి, తేలిపోకుండా పైన పళ్లెం బోర్లించి అరగంట ఉంచు. కసరు పోతుంది, నల్లబడదు, నూనె కూడా తక్కువ పీలుస్తుంది.

నీళ్లలోంచి తీశాక మెల్లిగా పిండి, గుడ్డతో కాడ కింద కూడా తడి లేకుండా తుడువు. దీన్ని తేలిగ్గా తీసుకోకు. తడి కాయ కాగిన నూనెలో పడితే నూనె నీ మొహం మీదకి చిందుతుంది. పాత ఇస్తాంబుల్‌లో ఇళ్లన్నీ చెక్కవి. వేసవిలో వంకాయలు వేయిస్తూ అంటుకున్న మంటలకి వీధులకి వీధులే కాలిపోయేవట, వాటికి ‘వంకాయ మంటలు’ అనే పేరే ఉంది. నీది సిమెంటు గదే అయినా పొయ్యి మీద నూనె పెట్టి ఫోన్ చూసుకుంటూ బయటికి పోవద్దు.

వేయించడానికి పొద్దుతిరుగుడు నూనె వాడు. లోతైన బాణలిలో కాయ సగం మునిగేంత పోసి, బాగా కాగనిచ్చి, ఒకసారికి రెండు మూడు కాయలే వెయ్యి. ఎక్కువ వేస్తే నూనె చల్లబడిపోయి కాయ దాన్ని తాగేస్తుంది. కాయని పొడవునా చీల్చకు, కోయకు, అలాగే వెయ్యి. పటకారుతో తిప్పుతూ ఉండు. తొక్క తీసిన చారలు బంగారు రంగుకి వచ్చి, పటకారుతో మధ్యలో నొక్కితే ఎక్కడా గట్టి తగలకుండా కాయ వంగిపోవాలి. కాడ దగ్గర లావుగా ఉంటుంది చూడు, అక్కడ నొక్కి చూడాలి. చాలామంది అక్కడే తొందరపడతారు. తర్వాత ఎలాగూ ఉడుకుతుంది కదా అనుకోవద్దు. ఈ దశలో ఉడకని వంకాయ టమాటా పులుపు తగిలాక మెత్తబడటం కష్టం. తీసి జల్లెడలో నిలువుగా నిలబెడితే ఎక్కువ నూనె కారిపోతుంది.

అంత నూనెలో వేయించడం ఇష్టం లేకపోతే, కాయలకి నూనె దట్టంగా రాసి 200 డిగ్రీల ఓవెన్లో ముప్పావు గంట పెట్టు. చాలా ఇళ్లలో ఇప్పుడు అలాగే చేస్తున్నారు. తినడానికి తేలిగ్గా ఉంటుంది. నన్నడిగితే మాత్రం అతిథులు వచ్చే రోజున వేయించడమే మంచిది.

ఇప్పుడు ఇమామ్ బయిల్డి. నువ్వు తప్పకుండా చేయవలసింది ఇదే. మీ బ్యాచ్‌లో ఇద్దరు మాంసం ముట్టరన్నావు, ఇందులో మాంసం లేదు. ఆరు కాయలకి నాలుగు పెద్ద ఉల్లిపాయలు అర్ధచంద్రాకారంగా, సన్నగా కోసుకో. ఉల్లిపాయ ఎక్కువైందేమో అనిపిస్తుంది, ఎక్కువ కాదు. వెడల్పు గిన్నెలో అర కప్పు ఆలివ్ నూనె పోసి, ఉల్లిపాయ, ఎనిమిది పది వెల్లుల్లి రెబ్బలు, ఒక చెంచా ఉప్పు వేసి సన్న సెగ మీద ఇరవై నిమిషాలైనా మగ్గనివ్వు. రంగు మారకూడదు. మన కూరల్లోలా ఎర్రగా వేపితే వేరే వంట అయిపోతుంది. ఉల్లిపాయ గాజులా మెరుస్తూ, సగానికి సగం తగ్గి, తియ్యటి వాసన వస్తుంటే అప్పుడు తొక్క తీసి తరిగిన టమాటాలు మూడు, పొడుగు పచ్చి మిరపకాయలు రెండు, చెంచా పంచదార వెయ్యి. పంచదార అనగానే మొహం చిట్లించకు. ఆలివ్ నూనెతో చేసి చల్లగా తినే కూరగాయల వంటలు చాలావాటిలో ఇక్కడివాళ్లు చిటికెడో చెంచాడో వేస్తారు, తీపి కోసం కాదు, టమాటా పులుపు విరగడానికి. నీరు ఇగిరాక దించి, సన్నగా తరిగిన పార్స్‌లీ గుప్పెడు కలుపు.

వేయించిన కాయల్ని వెడల్పు గిన్నెలో పక్కపక్కనే పేర్చి, ఒక్కొక్కదాన్నీ పైనుంచి నిలువుగా చీల్చు. అటు ఇటు రెండు వేళ్ల చోటు వదిలెయ్, అడుగుదాకా చాకు దింపకు. చెంచా వెనకవైపుతో లోపలి కండని పక్కలకి మెల్లిగా నొక్కితే దోనెలా తెరుచుకుంటుంది. అందులో ఉల్లిపాయ కూరు నిండుగా పెట్టి, పైన ఒక టమాటా చక్రం ఉంచు. ముప్పావు కప్పు వేడి నీళ్లు గిన్నె అంచు నుంచి పోసి, ఇంకో రెండు చెంచాల ఆలివ్ నూనె చల్లి, మూత పెట్టి సన్న సెగ మీద ముప్పై అయిదు, నలభై నిమిషాలు వదిలెయ్. గరిటె పెట్టి కదపకు. దించాక మూత తీయకుండా గిన్నెలోనే చల్లారనివ్వు.

వేడివేడిగా వడ్డించాలని నీకు చెయ్యి లాగుతుంది. వద్దు. ఇమామ్ బయిల్డి గది వేడిలో తినాలి, ఇంకా మంచిది మర్నాడు తినాలి. రాత్రంతా ఊరిన తర్వాత ఉల్లిపాయ తీపి, ఆలివ్ నూనె, వంకాయ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. శనివారం భోజనమైతే శుక్రవారం రాత్రే చేసి పెట్టుకో, ఫ్రిజ్‌లోంచి తినడానికి గంట ముందు బయట పెట్టు.

కర్నియారిక్‌కి కూడా కాయ ఇలాగే వేయించాలి, చీల్చాలి. లోపల కైమా పెడతారు, వేడిగా తింటారు, అంతే తేడా. కసాయి కొట్లో కాస్త కొవ్వున్న కైమా పావు కిలో పైచిలుకు అడుగు. ఉల్లిపాయలో కైమా నీరు ఇగిరేదాకా వేపి, ఒక చెంచా సల్చా, అంటే ఇక్కడి చిక్కటి టమాటా ముద్ద, మిరియాల పొడి వేసి దించు. కూరి, పైన టమాటా చక్రం, పచ్చి మిరపకాయ పెట్టి, సల్చా కలిపిన వేడి నీళ్లు ట్రేలో పోసి 180 డిగ్రీల ఓవెన్లో అరగంట. పక్కన అన్నం, పెరుగులో దోసకాయ వేసిన జాజిక్. ముసక్కా కూడా ఆ రుచే, ముక్కలుగా కోసి కలిపేస్తారు. గ్రీసులోలా పైన తెల్ల సాస్ పొర వేయరు.

కాల్చే వంటలకి వస్తే, నీకు సగం పని వచ్చినట్టే. మీ అమ్మమ్మ కుంపటి మీద వంకాయ కాల్చి పచ్చడి నూరడం చూస్తూ పెరిగావు. బోస్తాన్ కాయకి చాకుతో నాలుగైదు చోట్ల గాట్లు పెట్టు, లేకపోతే పేలుతుంది. మంట మీద నేరుగా పెట్టి తిప్పుతూ తొక్క పూర్తిగా నల్లబడి, కాయ కూలబడేదాకా కాల్చు. పొయ్యి చుట్టూ అల్యూమినియం రేకు పరిస్తే తర్వాత తోముకునే బాధ తప్పుతుంది. వేడి మీదే కాడ పట్టుకుని తొక్క వలిచెయ్. కుళాయి కింద మాత్రం పెట్టకు, కమురు వాసనంతా నీళ్లతో పోతుంది. వేళ్లు తడి చేసుకుంటూ అంటుకున్న నల్ల పొరలు తీసుకో. వెంటనే నిమ్మరసం పిండి జల్లెడలో ఉంచితే కండ తెల్లగా ఉంటుంది, చేదు నీరు కారిపోతుంది. మిక్సీలో వెయ్యొద్దు, జిగురవుతుంది. పీట మీద చాకుతో తరుగు.

దీంట్లో వెల్లుల్లి, ఉప్పు, ఆలివ్ నూనె, నిమ్మరసం కలిపితే వంకాయ సలాడ్ అయిపోయింది. చిక్కటి పెరుగు, వెల్లుల్లి కలిపి, పైన వెన్నలో వేపిన మాంసం పోస్తే అది గాజియాంతెప్ వాళ్ల అలీనాజిక్. ఆ ఊరివాళ్లు వేసవిలో వంకాయలు తొలిచి డొల్లల్ని దారానికి గుచ్చి ఎండబెడతారు. చలికాలంలో నీకు ఏ మసాలా దినుసుల కొట్లోనైనా ఆ దండలు వేలాడుతూ కనిపిస్తాయి. వేడి నీళ్లలో ఉడకబెట్టి, బియ్యం, కైమా, మిరప సల్చా, దానిమ్మ పులుసు కలిపి ముప్పావు వంతే నింపి వండుతారు, బియ్యం ఉబ్బడానికి చోటుండాలి కదా. అది డిసెంబరులో నా దగ్గరికి వచ్చినప్పుడు నేర్పిస్తాను.

నీ భోజనానికి హుంకార్ బెయెన్ది చెయ్యి. కిలో బోస్తాన్ వంకాయలు కాల్చి తరుగు. రెండు పెద్ద చెంచాల వెన్నలో రెండు చెంచాల మైదా పచ్చి వాసన పోయేదాకా, రంగు రాకుండా వేపు. వంకాయ వేసి కలిపి, వేడి పాలు కప్పున్నర కొద్దికొద్దిగా పోస్తూ గరిటె ఆపకుండా తిప్పు. ఉండలు లేకుండా దగ్గరపడ్డాక దించి, తురిమిన కషార్ చీజ్ గుప్పెడు, ఉప్పు కలుపు. చీజ్ వేశాక మళ్లీ మరిగించకు, తీగలు సాగుతుంది. దానిపైన ఉల్లిపాయ, టమాటాతో మెత్తగా ఉడికిన గొర్రె మాంసం ముక్కలు. మాంసం ముందు రోజే వండుకోవచ్చు, వంకాయ ముద్ద మాత్రం అప్పటికప్పుడు కలపాలి. మాంసం తిననివాళ్లకి ఆ ముద్ద మీద వెన్నలో వేపిన పుట్టగొడుగులు వెయ్యి. ఇది ఇక్కడి సంప్రదాయం కాదు గానీ బాగుంటుంది, వాళ్ల పళ్లెం వెలితిగా ఉండదు.

ఈ రెండూ, అన్నం, పెరుగు చాలు. మూడో వంకాయ వంట పెట్టకు. సాయంత్రం బేకరీ నుంచి వేడి రొట్టెలు మాత్రం అనుకున్నదానికంటే రెండు ఎక్కువే తెచ్చుకో. ఇమామ్ బయిల్డి గిన్నెలో అడుగున మిగిలిన నూనెలో ముంచుకోవడానికి అందరూ రొట్టె అడుగుతారు.

వండేటప్పుడు ఎక్కడైనా అనుమానం వస్తే ఫోన్ చెయ్యి, ఆ రోజు ఇంట్లోనే ఉంటాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ