పాలసీ ఏది, ప్రొసీజర్ ఏది, పాత కాపీ ఎవరు వెనక్కి తెస్తారు?

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదీ: సేఫ్టీ పాలసీ పేరుతో 38 పేజీల ఫైలు మీ చేతికొచ్చింది, అందులో ఎండీ గారి హామీల పక్కనే నిచ్చెన ఎలా కట్టాలో కూడా ఉంది, ఆడిటర్ వచ్చి "పాలసీ, ప్రొసీజర్లు విడదీయండి, డాక్యుమెంట్ కంట్రోల్ (ఏ కాగితం ఏ వెర్షన్ అమల్లో ఉందో, ఎక్కడుందో అదుపులో ఉంచడం) పెట్టండి" అని రాసి వెళ్లిపోయారు, ఇప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. నేను ఆరేళ్లు ఒక ప్లాంటులో ఇదే పని చేశాను. ఒక తప్పు నా చేతుల మీదుగానే జరిగింది కూడా, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా.

తేడా కోసం నిర్వచనాలు బట్టీ పట్టకండి. ఫైల్లో ఏ వాక్యం దగ్గరైనా ఆగి, ఇది మార్చాల్సిన అవసరం ఎప్పుడొస్తుంది అని అడగండి. "ప్రమాద కారణాలను తొలగించడానికి కట్టుబడి ఉన్నాం, ఆ పనిలో కార్మికుల్ని సంప్రదిస్తాం" అన్న మాట మారాలంటే యాజమాన్యం ఆలోచనే మారాలి. "12వ నంబరు వాల్వు మూసి తాళం వేయాలి, తాళంచెవి తాళం వేసినవాడి దగ్గరే ఉండాలి" అన్నది మారడానికి ఒక పైపు మారితే చాలు. మొదటిది పాలసీ. రెండోది ప్రొసీజర్, ఇంకా వివరంగా ఒక్క మెషీన్‌కే రాస్తే వర్క్ ఇన్‌స్ట్రక్షన్. వాల్వు నంబరు మారినప్పుడల్లా మీరు ఎండీ సంతకం కోసం తిరుగుతున్నారంటే ప్రొసీజర్ వెళ్లి పాలసీలో కూర్చుందన్నమాట.

ఐఎస్ఓ 45001 (పనిచేసే చోట భద్రత, ఆరోగ్యం కోసం 2018లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం) 5.2 క్లాజ్ ప్రకారం పాలసీని సంస్థలో అందరికీ తెలియజేయాలి, సంబంధమున్న బయటివాళ్లకు కూడా తగినట్టుగా అందుబాటులో ఉంచాలి. కాబట్టి మీ పాలసీని ఒక కాంట్రాక్టర్ చేతిలో పెట్టి చూడండి. రెండు నిమిషాల్లో చదివి "మీరు దేనికి కట్టుబడ్డారో తెలిసింది" అంటే అది పాలసీ. మాది 22 పేజీల నుంచి ఒక్క పేజీకి తగ్గింది. మిగతా 21 పేజీలు పారేయలేదు, వాటి చోటుకి వాటిని పంపాం అంతే. ప్రొసీజర్లు మాత్రం ఆ పని చేసేవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని రాయండి, ఏసీ గదిలో రాసిన ప్రొసీజర్ ఏసీ గదిలోనే ఉండిపోతుంది.

ఇక నా తప్పు సంగతి. మా దగ్గర ఒక హీట్ ఎక్స్‌ఛేంజర్ (ఒక ద్రవం వేడిని ఇంకోదానికి అందించే పరికరం) ఉండేది, మరమ్మతుకి ముందు మూడు చోట్ల వాల్వులు మూసి తాళం, ట్యాగ్ వేయాలి. మరమ్మతుల కోసం ప్లాంటు ఆపిన ఒక షట్‌డౌన్‌లో దానికి బైపాస్ లైన్ (పక్క నుంచి వెళ్లే పైపు) కలిపారు, దాంతో నాలుగో వాల్వు వచ్చింది. నేను ఆ ప్రొసీజర్‌కి రివిజన్ 4 (నాలుగో సవరణ) తయారుచేశాను, సంతకాలు తీసుకున్నాను, షేర్డ్ డ్రైవ్‌లో పెట్టి అందరికీ మెయిల్ కొట్టి, మాస్టర్ లిస్టులో (అన్ని డాక్యుమెంట్ల పట్టికలో) 3ని 4 చేసి, పని అయిపోయిందనుకున్నాను. రెండు నెలల తర్వాత నైట్ షిఫ్టులో ఒక ఫిట్టర్ మూడు వాల్వులు మూసి ఫ్లాంజ్ (పైపుల అతుకు) బోల్టు వదులు చేస్తే గ్యాస్కెట్ (అతుకు మధ్య సీలు) పక్క నుంచి వేడినీళ్లు చిమ్మాయి. గ్లవ్ తడిసింది, మణికట్టు దగ్గర కొంచెం కాలింది, ఆయన తేరుకుని బోల్టు బిగించేశారు కాబట్టి అంతటితో పోయింది. పొద్దున్నే నేను వెళ్తే ఆయన ఏమీ అనకుండా ప్యానెల్ తలుపు తీసి చూపించారు. లోపలి వైపు లామినేట్ చేసిన షీటు, అంచులు పసుపెక్కి, గ్రీజు వేలిముద్రలతో. రివిజన్ 3. కింద నా సంతకమే. మూసిన తర్వాత డ్రెయిన్ తెరిచి లోపల ప్రెషర్ లేదని చూసుకోవాలన్న స్టెప్పు కూడా నేను రివిజన్ 4లోనే చేర్చాను, ఆ షీటులో అది లేదు. ఆయన ప్రొసీజర్ తు.చ. తప్పకుండా పాటించారు, కాకపోతే చచ్చిపోయిన ప్రొసీజర్ని.

గోడ మీద పాలసీలో మాత్రం తప్పేమీ లేదు, అప్పుడూ ఇప్పుడూ అదే మాట. ఆడిట్‌లో కూడా పాసయ్యేవాళ్లం, డ్రైవ్‌లో సరైన కాపీ ఉంది కదా! అందుకే నా దృష్టిలో డాక్యుమెంట్ కంట్రోల్ అంటే కొత్తది ఇవ్వడం పావు వంతే, పాతది వెనక్కి తేవడం ముప్పావు వంతు. ఐఎస్ఓ 45001లో 7.5.3 చదివితే పంపిణీ, అందుబాటు, మార్పుల మీద అదుపు, ఎంతకాలం ఉంచాలి, ఆ తర్వాత ఏం చేయాలి అన్నవన్నీ ఉంటాయి, కానీ మనం మార్పుల దగ్గరే ఆగిపోతాం.

ఆ తర్వాత మాస్టర్ లిస్టులో ఒక కాలమ్ కలిపాను. నంబరు, పేరు, రివిజన్, అమల్లోకి వచ్చిన తేదీ, ఎవరి బాధ్యత, ఇవి అందరూ పెడతారు. నేను కలిపింది "కాగితం కాపీలు ఎక్కడెక్కడ ఉన్నాయి" అని. కొత్త రివిజన్ ఇచ్చేటప్పుడు పాత కాపీ చేతికిస్తేనే కొత్తది, గ్యాస్ సిలిండర్ మార్చుకున్నట్టు. చరిత్ర కోసం ఒక్క పాత కాపీ "అబ్సొలీట్" (చెల్లదు) ముద్రతో నా బీరువాలో, మిగతావి ష్రెడర్‌లోకి. ఎవరైనా సొంతంగా ప్రింట్ తీసుకుంటే ప్రతి పేజీ కింద "ప్రింట్ తీస్తే అన్‌కంట్రోల్డ్" (అంటే తాజాదో కాదో మా పూచీ లేదు) అని వచ్చేలా పెట్టాం, దీని వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదని నా అభిప్రాయం, ఆ లైను ఎవరూ చదవరు.

ఇంకొకటి, మీ 38 పేజీల్లో నింపేసిన చెక్‌లిస్టులు కూడా ఉన్నాయన్నారు కదా. ఖాళీ ఫారం డాక్యుమెంట్, దానికి రివిజన్ ఉంటుంది. నింపిన ఫారం రికార్డు, దానికి రివిజన్ ఉండదు, తప్పు రాస్తే ఒక గీత కొట్టి పక్కన సరైనది రాసి పొట్టి సంతకం, తేదీ వేయాలి, వైట్‌నర్ పూస్తే మాత్రం ఆడిటర్‌కి పండగే. రెండింటినీ ఒకే ఫైల్లో ఉంచకండి.

డాక్యుమెంట్ నంబర్లలో డిపార్ట్‌మెంట్ పేరు ఇరికించకండి, డిపార్ట్‌మెంట్ల పేర్లు మారతాయి. సాఫ్ట్‌వేర్ కొనాలా అంటే, 100 డాక్యుమెంట్ల లోపు ఎక్సెల్ షీటు సరిపోతుంది.

మొదలు ఎక్కడంటే, ఫైలు మూసేసి ఒక టార్చి, ఒక ఖాళీ సంచీ పట్టుకుని ప్లాంటంతా తిరగండి. ప్యానెల్ తలుపుల వెనక, ఫిట్టర్ల లాకర్ల మీద, కంట్రోల్ రూమ్ టేబుల్ అద్దం కింద చూడండి. నాకు మొదటి రౌండ్‌లో 40కి పైగా పాత షీట్లు దొరికాయి, అందులో రెండింటి మీద కంపెనీ పాత పేరు ఉంది, ఆ పేరు మారింది నేను చేరకముందు.